ఉల్లిగడ్డల ఆటోకి నా కేక వినబడదు

మొన్నో ఆదివారం పులుసుకి పోపు వేసే వేళకి చూసుకుంటే ఉల్లిపాయల బుట్టలో పొట్టు తప్ప ఏమీ లేదు. సరిగ్గా అప్పుడే వీధి చివర్నుంచి వినబడింది. "ఉల్లిగడ్డ ఉల్లిగడ్డ ఉల్లిగడ్డ, వందకి నాలుగు కిలోలు, వందకి నాలుగు కిలోలు, రండి సార్ రండి, రండమ్మా రండి." రోజూ తిట్టుకునే గొంతే. ఆ పూట మాత్రం దేవుడు పంపినట్టనిపించింది.

స్టవ్ తగ్గించి బాల్కనీలోకి పరిగెత్తాను. మాది రెండో అంతస్తు. ఆటో నెమ్మదిగా మా గేటు ముందుకే వస్తోంది. "బాబూ, ఉల్లిపాయలూ, ఆగు!" అని అరిచాను. ఆగలేదు. చప్పట్లు కొట్టాను. చేతిలో ఉన్న గరిటెతో గ్రిల్ మీద టంగు టంగున కొట్టాను. ఎదురింటాయన పేపరు దించి చూశారు, పక్కింటి కుక్క లేచి మొరిగింది, వాచ్‌మన్ గదిలోంచి బయటికొచ్చాడు. ఆటో అబ్బాయికి మాత్రం వినబడలేదు. ఎలా వినబడుతుంది? అతని తలకి మూరెడు దూరంలో అతని మైకే చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. "రండమ్మా రండి" అని నన్ను పిలుస్తూ, వస్తున్నానని నేను వేసిన కేక వినకుండా, మలుపు తిరిగి వెళ్ళిపోయాడు.

పోపు మాడింది. ఉల్లిపాయలు యాప్‌లో తెప్పించుకున్నాను. ఆ పూట నేను కోప్పడిందీ, తర్వాత చాలా రోజులు ఆలోచించిందీ ఆ అబ్బాయి గురించి కాదు, ఆ గొంతు గురించి.

నాకు చప్పుడంటే పడదని ఇంట్లోవాళ్ళ అభిప్రాయం. అది నిజం కాదు. నేను పుట్టింది కోనసీమలో, వీధి మీదకున్న ఇంట్లో. పొద్దున లేస్తే చప్పుడే. అమ్మమ్మ వాళ్ళ వీధికి పెరుగమ్మే ఆవిడ ఒకావిడ వచ్చేది. తల మీద కుదురు, దాని మీద కుండ. వీధి మొదట్లో ఒకసారి, బావి దగ్గర ఒకసారి, చివర రావిచెట్టు కింద ఒకసారి, "పెరుగోయ్, పెరుగూ" అని కేక. అంతే, మూడు కేకలు. మధ్యలో మౌనంగా నడిచేది. ఎండలో, నెత్తిన బరువుతో, ఊరికే అరవడానికి ఊపిరెక్కడిది? అమ్మమ్మ వంటింట్లోంచే "ఇవాళొద్దే, రేపు రా" అనేది. ఆ మాట ఆవిడకి వినబడేది. పక్కింట్లో బాలింత ఉన్న రోజుల్లో ఆ ఇంటి ముందు కేక వేసేది కాదు. గుమ్మం దగ్గరికెళ్ళి మామూలు గొంతుతో "పెరుగు కావాలామ్మా" అని అడిగేది.

ఊళ్ళో చాటింపు కూడా అంతే. వేసవిలో కాలవలు కట్టేస్తున్నారనో, నీటితీరువా కట్టమనో చెప్పడానికి డప్పు వేసుకుని ఒకాయన వచ్చేవాడు. నాలుగు వీధులు కలిసే చోట నిలబడి దబదబ వాయించి, "ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని మొదలుపెట్టి, చెప్పాల్సింది చెప్పి, ఇంకో కూడలికి నడిచేవాడు. డప్పు చప్పుడేమీ చిన్నది కాదు. కానీ అది మొదలయ్యేది, అయిపోయేది.

అప్పట్లో చప్పుడుని అదుపులో పెట్టింది మన పెద్దల సంస్కారం అని నేననను. అంత గొప్ప కాలమేం కాదది, మా వీధిలో తెల్లారి లేస్తే నీళ్ళ కోసం జుట్లు పట్టుకునేవాళ్ళు. అదుపులో పెట్టింది గొంతే. మనిషి గొంతు అలిసిపోతుంది. ఎండిపోతుంది, బొంగురుపోతుంది, మంచినీళ్ళు అడుగుతుంది. ఆ అలసటే ఒక చట్టం. దాన్ని ఎవరూ రాయలేదు, ఎవరూ అమలు చేయలేదు, ఎవరూ తప్పించుకోలేదు. ఇప్పుడు మనం చేసిందల్లా ఆ గొంతుని పెన్ డ్రైవ్‌లో పెట్టడం. పెన్ డ్రైవ్‌కి దాహం వేయదు.

ఈ ఒక్క ముక్క తట్టాక, నాకు రోజూ చిరాకు తెప్పించే వాటిలో ముప్పాతిక భాగం ఒకే తాను ముక్కలని అర్థమైంది.

మేం ఇదివరకున్న అపార్ట్‌మెంట్‌లో లిఫ్టుకి జాలీ తలుపు. ఎవరో నాలుగో అంతస్తులో దిగి, తలుపు సరిగ్గా లాగకుండా పోతారు. ఇక అక్కణ్ణుంచి ఒక అమ్మాయి గొంతు, "ప్లీజ్ క్లోజ్ ద డోర్, ప్లీజ్ క్లోజ్ ద డోర్." ఎంత మర్యాదో! తలుపు వేయాల్సిన మనిషి ఇంట్లోకెళ్ళి, కాళ్ళు కడుక్కుని, టీవీ పెట్టుకున్నాడు. వింటున్నది తలుపుతో సంబంధం లేని మిగతా పంతొమ్మిది ఇళ్ళవాళ్ళు. మోకాళ్ళ నొప్పులున్న వాచ్‌మన్ నాలుగంతస్తులూ మెట్లెక్కి వెళ్ళి తలుపు వేసేదాకా ఆవిడ బతిమాలుతూనే ఉంటుంది. ఒక మనిషి అలా బతిమాలితే మూడోసారికి ఏడుస్తుంది, నాలుగోసారికి తిడుతుంది. ఆవిడ తిట్టి ఉంటే తలుపు వేసేవాడేమో కూడా.

కారు వెనక్కి తీసేటప్పుడు పాట పాడే కార్లు గుర్తున్నాయా? ఇప్పుడు కాస్త తగ్గాయి, ఆటో ట్రాలీలకి ఇంకా ఉన్నాయి. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మీ కాల్ మాకు చాలా ముఖ్యం" అనే గొంతు సరేసరి. ఒకసారి పట్టుబట్టి లెక్కపెట్టాను. ఇరవై రెండుసార్లు ముఖ్యమని చెప్పి కాల్ కట్ చేశారు.

అన్నిటికంటే మనసుకి కష్టమనిపించింది హరిదాసు గారి విషయం. ధనుర్మాసంలో తెల్లవారుజామున వచ్చే హరిదాసుని చూడని కోనసీమ పిల్ల ఉండదు. నెత్తిన అక్షయపాత్ర, భుజాన తంబూరా, చేతిలో చిడతలు, కాళ్ళకి గజ్జెలు. వీధి మలుపులో ఉండగానే గజ్జెలు వినబడేవి, దోసిట్లో బియ్యం పోసుకుని మేం గుమ్మంలో నిలబడేవాళ్ళం. ఆయన మోకాలు వంచి కిందికి ఒంగితే పాత్రలో పోసేవాళ్ళం. రెండేళ్ళ కిందట సంక్రాంతికి ఊరెళ్తే హరిదాసు గారు మోపెడ్ మీద వచ్చారు. పాత్ర నెత్తినే ఉంది. కీర్తన మాత్రం హ్యాండిల్‌కి కట్టిన స్పీకరు పాడుతోంది, ఆయన నోరు మూసుకుని బండి నడుపుతున్నారు. అమ్మ పళ్ళెంలో బియ్యం తీసుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన మూడిళ్ళు దాటిపోయారు. కేకేసింది. ఆయనకీ వినబడలేదు, ఉల్లిపాయల ఆటోలాగే. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. వయసైపోయింది, బియ్యం పోసే ఇళ్ళు తగ్గాయి, ఒక్క తెల్లవారుజామున నాలుగూళ్ళు తిరిగితే తప్ప గిట్టుబాటు కాదు. కానీ అమ్మ చేతిలో బియ్యం పళ్ళెం అలాగే ఉండిపోవడం చూశాను.

ఇక రైలు సంగతి. దీని గురించి ఎంత రాసినా నాకు తక్కువే.

పోయినేడాది సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళ్ళే రాత్రి బండి ఎక్కాను. థర్డ్ ఏసీ. తొమ్మిదింటికల్లా అందరూ పులిహోర పొట్లాలు, చపాతీ డబ్బాలు ముగించి దుప్పట్లు పరుచుకున్నారు. సైడ్ లోయర్‌లో నలభై ఏళ్ళాయన పడుకుని ఫోన్‌లో రీల్స్ చూస్తున్నాడు. ఇయర్‌ఫోన్స్ లేవు. రాత్రి పది తర్వాత ఇయర్‌ఫోన్స్ లేకుండా పాటలు వినొద్దని, గట్టిగా మాట్లాడొద్దని రైల్వేవాళ్ళు 2022లోనే చెప్పారు. ఆ మాట ఆయనకి తెలియకపోవచ్చు, తెలిసినా పట్టకపోవచ్చు. ఒక సినిమా డైలాగు, ఒక వంట, ఒక జాతకం, ఒక స్థలాల ప్రకటన, ఇలా పది పదిహేను సెకన్లకొకటి మారుతూ పోయింది. పదిన్నరకి ఒక పసిపిల్ల పకపక నవ్వే వీడియో వచ్చింది. ఆయనా నవ్వాడు. మళ్ళీ అదే వచ్చింది, మళ్ళీ నవ్వాడు. మూడోసారి ఆయన నవ్వలేదు. తొంగి చూస్తే నిద్రపోయాడు.

ఫోను గుండె మీద ఉంది. ఆయన ఊపిరికి పైకీ కిందికీ ఊగుతోంది. పిల్ల నవ్వుతూనే ఉంది. ఇరవై సెకన్ల వీడియో. నిమిషానికి మూడుసార్లు, గంటకి నూట ఎనభై. ఆ లెక్క నేను పై బెర్తు మీద పడుకుని వేశాను, చేయడానికి వేరే పనేముంది.

ఇక్కడొక చిత్రం. ఆ బేలో మెలకువగా ఉన్నవాళ్ళం ఆరుగురం. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఒకాయన దగ్గాడు. ఒకమ్మాయి "ఎక్స్‌క్యూజ్ మీ" అంది, రెండుసార్లు. తట్టి లేపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. నిద్రపోయే మనిషిని లేపడం పాపమని మనకి చిన్నప్పటి నుంచీ చెప్పారు కదా. పరాయి మనిషి ఫోన్ ముట్టుకోవడం అంతకంటే పెద్ద తప్పు. అంటే మా ఆరుగురి మర్యాద కలిసి ఒక మర్యాదలేని యంత్రానికి కాపలా కాసింది. ఆఖరికి కింది బెర్తు మామ్మగారు లేచి, "ఏంటర్రా ఇది" అని, ఫోను తీసి అటూ ఇటూ తిప్పి, ఎలా ఆపాలో తెలియక, తన శాలువాలో చుట్టి ఆయన కాళ్ళ దగ్గర పెట్టారు. ఆ తర్వాత పిల్ల బావిలోంచి నవ్వుతున్నట్టు నవ్వింది. అది ఇంకా భయంగా ఉంది.

తెల్లవారుజామున రాజమండ్రి దగ్గర గోదావరి బ్రిడ్జి వచ్చింది. మూడు కిలోమీటర్లకి కాస్త తక్కువుండే వంతెన. దాని మీద బండి వెళ్తుంటే ఆ ధడధడ పిల్ల నవ్వు కంటే ఎన్ని రెట్లు పెద్దదో చెప్పక్కర్లేదు. ఆ చప్పుడుకి ఎవరూ కదల్లేదు. నాకైతే ఆ రాత్రి కంటికి కునుకు పట్టింది ఆ బ్రిడ్జి మీదే. చప్పుడు పెద్దదా చిన్నదా అన్నది అసలు సంగతే కాదని నాకు అక్కడే రుజువైంది. బ్రిడ్జి చప్పుడుకి ఒడ్డుంది.

తునిలో ఆయన లేచి, ఫోను ఎక్కడుందో వెతుక్కుని, "ఇదేంటి, చార్జింగ్ మొత్తం అయిపోయింది" అని ఆశ్చర్యపోయాడు. మామ్మగారు ఆయన వైపు చూసిన చూపు రాయడం నా వల్ల కాదు.

మన చట్టాలు మాత్రం చప్పుడుని డెసిబెల్స్‌లోనే కొలుస్తాయి. 2000లో కేంద్రం తెచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటిస్తే అక్కడ 50, 40. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు మైకులు వాడకూడదు. అసలు పగలైనా సరే, అధికారుల రాతపూర్వక అనుమతి లేకుండా లౌడ్‌స్పీకరు పెట్టకూడదు. ఆ లెక్కన మా వీధికొచ్చే ఉల్లిగడ్డ, అల్లం వెల్లుల్లి, పాత ఇనప సామాన్లు, కుక్కర్ల రిపేరు, వెంట్రుకలకి స్టీలు గిన్నెలు, అందరూ నేరస్తులే. ఏ పోలీసూ వాళ్ళని పట్టుకోడు, పట్టుకోవాలని నేనూ కోరుకోను. పైగా ఆ 55 అన్నది సగటు. నిమిషం పాటు వీధిలోంచి వెళ్ళిపోయే ఆటో ఆ సగటులో కనబడదు కూడా. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలాంటి ఆటోలు పన్నెండు వెళ్తే నా తలకాయ ఏమవుతుందో మీటరుకి తెలియదు.

మైకుల మీద సుప్రీంకోర్టు 2005 జూలైలో ఇచ్చిన పెద్ద తీర్పు ఒకటుంది. రాత్రి మైకులు బంద్ అన్నది గట్టిపడింది దానితోనే. ఆ కేసు ఎలా మొదలైందో చాలామందికి గుర్తుండదు. 1998 జనవరిలో పేపర్లలో ఒక వార్త వచ్చింది. పదమూడేళ్ళ పిల్ల మీద అత్యాచారం జరిగింది. సాయం కోసం ఆ పిల్ల వేసిన కేకలు చుట్టుపక్కల మోగుతున్న మైకు పాటల్లో కలిసిపోయాయి, ఎవరికీ వినబడలేదు. ఆ సాయంత్రం ఆ పిల్ల ఒంటికి నిప్పంటించుకుని చనిపోయింది. అది చదివి ఒక ఇంజినీరు కోర్టుకి వెళ్ళారు. బాల్కనీలో గరిటె పట్టుకుని అరిచిన నా సంగతి దాని ముందు ఎంత చిన్నదో నాకు తెలుసు, రెంటినీ పక్కన పెట్టి చూడటానికే సిగ్గుగా ఉంది. కానీ మైకు చేసే పని రెండు చోట్లా ఒకటే. అది మోగుతున్నంతసేపూ ఇంకో గొంతుకి చోటు లేదు.

హారన్ల గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే అందరూ రాసిందే. సిగ్నల్ దగ్గర ఇంకా 40 సెకన్లు ఉందని ఎర్ర అంకెల్లో కనబడుతుంటే వెనకాయన హారన్ ఎందుకు కొడతాడు? బొటనవేలికి నొప్పి లేదు కనక. అనవసరంగా హారన్ కొడితే మొదటిసారి వెయ్యి, రెండోసారి రెండు వేలు జరిమానా అని 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో ఉంది. నాకు తెలిసినవాళ్ళలో అది కట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. ముంబయి పోలీసులు 2020 మొదట్లో ఒక తమాషా చేశారు. సిగ్నల్ దగ్గర హారన్ల మోత 85 డెసిబెల్స్ దాటితే ఎర్ర లైటు మళ్ళీ మొదటి నుంచి లెక్క మొదలుపెట్టేది. నాకు తెగ నచ్చింది. శిక్ష వల్ల కాదు. కొట్టినవాడికే అలసట తిరిగి అప్పజెప్పడం వల్ల. 2025లో కేంద్ర మంత్రి గడ్కరీ గారు హారన్లన్నీ వేణువు, తబలా, హార్మోనియం మోతల్లో ఉండేలా చట్టం తెద్దామని ఆలోచిస్తున్నామన్నారు. వద్దు సార్. కూకట్‌పల్లి వై జంక్షన్‌లో సాయంత్రం ఏడింటికి ఐదొందల వేణువులు ఒక్కసారి మోగితే, ఆ తర్వాత వేణువంటేనే పడకుండా పోతుంది.

ఇక్కడ మావారి వాదన చెప్పాలి, లేకపోతే ఊరుకోరు. ఆయనేమంటారంటే, "విననట్టు ఉండు. అలవాటైపోతుంది. మాకందరికీ అవలేదా?" నిజమే, అలవాటవుతుంది. నాకు భయమల్లా ఆ అలవాటంటేనే. 2020 మార్చిలో ఎవరికి ఫోన్ చేసినా ముందు ఒక దగ్గు వినబడేది, గుర్తుందా? మొదటిసారి విన్నప్పుడు అవతల మా పెదనాన్నకే కరోనా వచ్చిందనుకుని గుండె ఆగినంత పనైంది. చేతులు కడుక్కోమన్న మాట పూర్తిగా విన్నాను. వారం తిరిగేసరికి ఆ గొంతు మొదలవగానే ఫోను చెవికి దూరంగా పెట్టడం వచ్చేసింది. రెండో వేవ్‌లో, టీకాలు దొరకని రోజుల్లో, టీకా వేయించుకోమని ట్యూన్ వస్తుంటే ఢిల్లీ హైకోర్టే విసుక్కుంది. ఒక హెచ్చరికని వందసార్లు వినిపిస్తే అది హెచ్చరికగా మిగలదు. కారు వెనక్కి వస్తుంటే మోగే చప్పుడు పెట్టింది వెనక ఆడుకునే పిల్లలు తప్పుకోవడానికి. ఇప్పుడు మా సెల్లార్‌లో ఆ చప్పుడుకి తల తిప్పి చూసే పిల్లలు లేరు. అలవాటైపోయింది కదా.

"మరి పెళ్ళిళ్ళలో బాజాలు? అవీ వద్దంటావా?" ఇది ఆయన రెండో బాణం. బాజాలు కావాలి. నిండుగా కావాలి. గట్టిమేళం సంగతే చూడండి. అది చప్పుడు కోసమే పుట్టిన చప్పుడు. ముహూర్తం వేళకి తుమ్మో, ఏడుపో, ఏ అపశకునపు మాటో వధూవరుల చెవిన పడకూడదని డోలు, సన్నాయి ఒక్కసారిగా అందుకుంటాయి. పందిరి ఎగిరిపోతుందా అన్నట్టుంటుంది. జీలకర్ర బెల్లం పెట్టే ఆ కాస్త సేపే. పురోహితులు చెయ్యెత్తి వేలు ఊపితే మొదలు, వేలు దించితే ఆఖరు. ఆ వేలు వంక చూస్తూ వాయించే సన్నాయి ఆయనకి బుగ్గలు పొంగి, కళ్ళు ఎర్రబడి ఉంటాయి. ఇంకో నిమిషం ఊదమంటే ఊదలేడు. ఆ తర్వాత ఊరేగింపులో డీజే వస్తుంది చూడండి, లారీ మీద గోడలాగా పేర్చిన స్పీకర్లు, అది ఎవరి వేలూ చూడదు. మతపరమైన ఊరేగింపుల్లో డీజేలు వద్దని 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు ఆంక్షలు పెట్టాల్సి వచ్చింది. సన్నాయి మీద అలాంటి ఆంక్షలు పెట్టారని నేనెన్నడూ వినలేదు.

యంత్రాలన్నీ ఒకటే అనను. కిరాణా కొట్టులో డబ్బులు వేయగానే "నలభై రూపాయలు వచ్చాయి" అని చెప్పే చిన్న డబ్బా నాకిష్టం. డబ్బు పడినప్పుడు ఒక్కసారి చెప్పి ఊరుకుంటుంది. మా వీధి కొట్టాయనకి చూపు తక్కువ, స్క్రీన్ షాట్ చూపించి మోసం చేసేవాళ్ళ నుంచి ఆయన్ని అదే కాపాడుతోంది. నేను ఒకే పూట మూడుసార్లు ఐస్‌క్రీమ్ కొన్న సంగతి వీధందరికీ చాటినా క్షమించేశాను.

ఆ ఉల్లిపాయల అబ్బాయి తర్వాతి వారం మళ్ళీ వచ్చాడు. ఈసారి బాల్కనీలో కాదు, ముందే కిందకి దిగి గేటు దగ్గర నిలబడ్డాను. ఆపాడు కానీ మైకు ఆపలేదు. రెండు కిలోలు ఇస్తావా అని నేనడగడం, వందకి నాలుగు కిలోలని అతని మైకు బదులివ్వడం. చివరికి చేత్తో సైగ చేస్తే స్విచ్ నొక్కాడు. వీధంతా ఒక్కసారి పెద్దదైనట్టనిపించింది.

పోయినవారం సంగతి చెప్పాను. "ఎంత మొత్తుకున్నా వినబడలేదు నీకు" అన్నాను. నవ్వాడు. "మస్తుమంది గట్లనే అంటరు మేడం. ఉరికొస్తరు ఎన్క." మరి ఆ మైకెందుకు, నోటితో పిలవొచ్చు కదా అన్నాను. నేను ఇన్నాళ్ళూ మనసులో అల్లుకున్న వాదనంతా దాంట్లో పెట్టే అన్నాను.

అతను తూకం ఆపి చెప్పాడు. "మా నాయిన గట్లనే అమ్మిండు మేడం, తోపుడు బండి మీద. ముప్పై ఏండ్లు ఒర్లిండు. ఇప్పుడు మాట్లాడితే గొంతు గరగర అంటది, ఫోన్‌ల ఆయన మాట ఎవ్వరికీ తెలువది. నాకు గట్ల కావొద్దని ఇది కొనిచ్చిండు." కాసేపాగి, "గీ గొంతు కూడ నాది కాదు. షాపోడు ఎక్కించిచ్చిండు. అందరి బండ్ల మీద గిదే ఉంటది" అన్నాడు.

ఏం మాట్లాడాలో తెలియలేదు. గొంతు అలసటే చట్టమని నేను ఇంత పొడుగున వాదించానే, ఆ చట్టానికి ఇన్నేళ్ళూ జరిమానా కట్టింది వాళ్ళ నాన్న గొంతు. పెరుగమ్మే ఆవిడ మూడే కేకలు వేసేదని మురిసిపోయాను. ఆవిడ మెడ నొప్పి గురించి నేనెప్పుడూ అడగలేదు. మైకు తీసేయమని అతనికి చెప్పే హక్కు నాకు లేదు. ఉంటే గింటే ఒక్కటే అడగగలను, అదే అడిగాను. వీధిలోకి రాగానే ఒకసారి వినిపించి, ఆపి, నెమ్మదిగా వెళ్ళు, పిలిస్తే నీకు వినబడుతుంది, నీకే బేరాలు పెరుగుతాయి అని. "సూద్దాం మేడం" అన్నాడు. ఇది రాసేనాటికి మూడు వారాలైంది. మా గేటు ముందు ఆపుతున్నాడు. పక్క వీధిలో మామూలే. మా పక్కింటావిడ మాత్రం, "ఉల్లిపాయలబ్బాయి ఈమధ్య వచ్చినట్టే తెలియడం లేదండీ" అంది. ఆవిడకి నేనేమీ చెప్పలేదు.

ఈ వ్యాసం ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ ఒకటి దాచితే అన్యాయమవుతుంది.

దసరాకి నాలుగు రోజులు ఊరెళ్ళాం. తిరిగొచ్చి తాళం తీస్తుంటే కింది ఫ్లాటు కుర్రాడు మెట్ల మీద కనబడి, చాలా మర్యాదగా, "ఇంట్లో ఎవరూ లేరాండీ ఇన్నాళ్ళూ? రోజూ ఐదున్నరకి మీ ఇంట్లో సుప్రభాతం మోగుతోంది. ఒక అరగంట. మళ్ళీ పది నిమిషాలాగి మళ్ళీ" అన్నాడు. వాళ్ళకి మూడు నెలల పాప. లోపలికెళ్ళి చూద్దును కదా, పడగ్గదిలో కిటికీ పక్కన, చార్జర్‌కి పెట్టి మర్చిపోయిన నా పాత ఫోను. పొద్దున్నే నడకకి వెళ్ళాలని ఎప్పుడో పెట్టుకున్న అలారం. నేను నెల రోజుల కిందటే నడక మానేశాను. అది మాత్రం నన్ను లేపడం మానలేదు.

అలారం తీసేసి, ఊరి నుంచి తెచ్చిన పూతరేకులు నాలుగు పళ్ళెంలో పెట్టుకుని, ఏం చెప్పాలో మెట్ల మీదే రెండుసార్లు అనుకుని, కింది ఇంటి కాలింగ్ బెల్ నొక్కబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తలుపు మీద వేలితో తట్టాను. ఆ కుర్రాడి భార్య తలుపు తీసింది. నేను నోరు తెరిచేలోపే చూపుడువేలు పెదాల మీద పెట్టుకుంది. లోపల ఉయ్యాల కదులుతోంది. పళ్ళెం ఆమె చేతిలో పెట్టి, రెండు చేతులూ జోడించి, చెప్పులు చప్పుడు కాకుండా చేత్తో పట్టుకుని మెట్లెక్కాను.